నూట తొంభై రెండు దగ్గర నిలబడిన మామ

కంటికి ఆనని అణువుకు సైతం ఒక బరువు ఏర్పరచి, కోటానుకోట్ల వాటిలో ఏ ఒక్కదాన్నీ ఇంకొకటిగా పొరబడని దేవునికి ముందుగా స్తోత్రం. ఆయనకు మిషన్లు అక్కర్లేదు, రిపోర్టులు అక్కర్లేదు, మధ్యలో కరెంటు పోతే పని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే బాధ అసలే లేదు. ఆ బాధలన్నీ మాకు వదిలేసి, వాటి మధ్యలో నవ్వుకోవడానికి కాస్త చోటు కూడా ఉంచినందుకు ఇంకోసారి స్తోత్రం.

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తల్లో, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, లోకంలో నాకు తెలియనిది ఇక పెద్దగా మిగల్లేదన్న నమ్మకంతో జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. బంగారం అంగళ్ల వీధి వెనక, ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది మా ల్యాబు. రైతులు, వ్యాపారులు పండ్లో కూరగాయలో తెచ్చిస్తే, వాటిలో పురుగుమందులు, తెగుళ్ల మందులు మిగిలున్నాయా లేదా అని చూసి రాసివ్వడం మా పని. యజమాని, పెద్ద కెమిస్టు, తాళంచెవులు దాచే మనిషి అన్నీ ఒక్కరే. ఆయనది గుంటూరు వైపు కాబట్టి మేం గుంటూరు సారు అనేవాళ్లం (ఆయన వెనకాల). మా మాట తీరు విని ఆయన రోజుకొకసారైనా ఉలిక్కిపడేవారు. "మీరు మాట్లాడుకుంటున్నారా, కొట్లాడుకుంటున్నారా అమ్మా?" అని గది బయటికి తల పెట్టి అడిగేవారు. మేం అప్పుడు టీ తాగాలా వద్దా అని మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం.

ఆ ల్యాబుకు గుండెకాయ మాస్ స్పెక్ట్రోమీటరు. ఏదో మందుల కంపెనీ వాడి వాడి వదిలేసింది. దాన్ని అణువుల్ని తూచే కాటా అనుకోండి. అరటికాయను మిక్సీలో రుబ్బి, రసం తీసి, వడగట్టి లోపలికి పంపిస్తే, అందులోని అణువుల్ని బరువుల వారీగా పట్టుకుని తెర మీద గీతలు గీస్తుంది. ఏ బరువు దగ్గర గీత లేస్తే ఆ బరువున్న పదార్థం ఉన్నట్టు. గీత ఎంత పొడవుంటే అంత ఎక్కువ ఉన్నట్టు. అయితే కాటాలన్నీ ఒకటి కాదు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీకి పోయే లారీలను తూచే వేబ్రిడ్జి ఉంటుంది. లారీలో క్లీనరు ఉన్నాడో దిగాడో అది చెప్తుందేమో గానీ, వాడు చొక్కా తొడుక్కున్నాడో లేదో చెప్పదు. ప్రొద్దుటూరులో బంగారం తూచే కాటా గాజుపెట్టెలో ఉంటుంది. షావుకారు కాస్త గట్టిగా ఊపిరి వదిలినా అంకె కదులుతుంది. మా మిషను అణువుల లోకంలో వేబ్రిడ్జి. నూట తొంభై రెండు వేరు, నూట తొంభై మూడు వేరు అని చెప్పగలదు. నూట తొంభై రెండు తర్వాత చుక్క పెట్టి, ఆ చుక్క తర్వాతి అంకెల్లో మాత్రమే తేడా ఉన్న రెండు పదార్థాలు వస్తే, రెండింటినీ కలిపి ఒకే గీతగా గీసి చేతులు దులుపుకుంటుంది. దగ్గర దగ్గర బరువుల్ని వేరుచేసి చూపే ఆ శక్తిని పుస్తకాల్లో విభేదన శక్తి అంటారు. మేం రిజల్యూషన్ అనేవాళ్లం. మా మిషనుకు అది లేదని నాకు పరీక్షల్లో మార్కులు తెచ్చుకునేంత తెలుసు. పనిలో గుర్తుకొచ్చేంత మాత్రం తెలియదు.

నిజానికి మిషనులోకి పోయేముందు పదార్థాలన్నీ ఒక సన్నని గొట్టం గుండా పోతాయి. అందులో ఒకటి ముందు, ఒకటి వెనక వరుస కట్టి బయటికి రావాలి. మా గొట్టం అరిగిపోయింది. కొత్తది తెప్పించమంటే సారు "ఇంకొన్నాళ్లు లాగిద్దామమ్మా" అనేవారు. పైగా రిపోర్టులు తొందరగా ఇవ్వాలని, వరుస కట్టడానికి ఇవ్వాల్సిన సమయాన్ని సగానికి సగం కోసేశారు. దాంతో అన్నీ తిరునాళ్ల బస్సు దిగిన జనంలా ఒక్కసారిగా వచ్చి పడేవి. (చేతి గ్లౌజులను కూడా కడిగి ఆరేసి మళ్లీ తొడుక్కునేవాళ్లం. కిటికీలో వరుసగా వేలాడే ఆ చేతులను చూసి కింద కొట్టుకు వచ్చిన పిల్లలు జడుసుకునేవాళ్లు.)

అలాంటి ల్యాబుకు ఒకరోజు మామ వచ్చాడు. మా నాన్న పులివెందుల పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసిన కాలంలో కుదిరిన స్నేహం. మేం చర్చికి పోయేవాళ్లం, వాళ్లు గుడికి పోయేవాళ్లు. అయినా నాకు ఆయన మామే, వాళ్లావిడ అత్తే. తాతల నాటినుంచి గొర్రెల మందే వాళ్లకు ఆస్తి. ఆ ఏడు మామ సగం మంద అమ్మేసి, బోరు వేయించి, మొట్టమొదటిసారి అరటి పెట్టాడు. కాపలాకని రాత్రుళ్లు తోటలోనే పడుకునేవాడు. గెలలు బాగా దిగాయి. గల్ఫుకు పంపే వ్యాపారి వచ్చి చూసి ముచ్చటపడ్డాడు. ఒకటే షరతు. కార్బెండజిమ్ అనే తెగుళ్ల మందు కాయల్లో ఉండకూడదు, ల్యాబు నుంచి రిపోర్టు తెస్తేనే లారీ పంపుతాను అన్నాడు. అరటికాయ సంగతి తెలిసినదే. దూరం పోవాల్సిన కాయను ముప్పాతిక పక్వంలోనే కొయ్యాలి. చెట్టు మీదే రంగు తిరిగిందంటే ఇక ఏ లారీ దాన్ని ఎక్కించుకోదు. రిపోర్టు ఆలస్యమైతే మామకు అటు మందా లేదు, ఇటు తోటా లేదు.

అరటికాయలను తువ్వాలులో చుట్టి, గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని మెట్లెక్కి వచ్చాడు.

"పాపా, బాగుండావా? నాయిన బాగుండాడా? ఇదో, తెచ్చినా. తోటంతా తడిమి తడిమి ఏరుకోనొచ్చినా. ఒక్క కాయ సొట్ట ఉంటే నన్నడుగు."

తడమడం అన్నది ఊరికే మాటవరసకు అన్నది కాదు. సంతలో గొర్రెను కొనేవాడు దాన్ని కంటితో చూసి ఊరుకోడు. నడుం మీద అరచెయ్యి వేసి, వేళ్లతో వెన్నుపూసకు అటూ ఇటూ నొక్కి, కండ ఎంతుందో పసిగడతాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అదే అలవాటైన మామ అరటికాయను కూడా అలాగే చూసేవాడు. కాయ నడుం మీద చెయ్యి వేసి, మొదలు నుంచి కొన దాకా నిమిరి, రెండుసార్లు నొక్కి, తృప్తిగా తల ఊపేవాడు. నాకు ఇస్తూ ఇస్తూ కూడా ఒక్కోదాన్ని చివరిసారి నిమిరి మరీ ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉండింది. (ఆ ముచ్చటే మా అందరి కొంప ముంచబోతోందని ఎవరికి తెలుసు.)

తొక్కతోపాటు రుబ్బి మిషనుకు ఎక్కించాను. నూట తొంభై రెండు దగ్గర గీత లేచింది. కార్బెండజిమ్ లేచే చోటు అదే. సారు కళ్లద్దాలు సర్దుకుని, "ఉందిగా అమ్మా. స్పష్టంగా ఉంది" అన్నారు.

"ఏందది? ఆ పేరు నేను ఇన్నే ఇన్లే" అన్నాడు మామ. "గొర్రెల పెంట తప్ప నా తోటకు ఏం ఎయ్యలే పాపా. మందు డబ్బా మూత తీసి ఎరగను. నీ మిషనుకు కండ్లు కనపరావేమో, ఇంగోతూరి సూడు."

ఇంకోసారి చూడ్డానికి కొత్త కాయలు కావాలి. రెండు రోజులకు మామ మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకా జాగ్రత్తగా ఏరాడట. ఒక్కో కాయను రెండేసి తడవలు తడిమాడట. గీత మొదటిదానికన్నా పొడుగ్గా లేచింది. మూడోసారి అయితే అత్తాకోడళ్లు, కొడుకు ఎవ్వరినీ గెల ముట్టనివ్వకుండా అంతా తన చేతి మీదే నడిపించి తెచ్చాడు. గీత తెర పైఅంచుకు తగిలింది. మనిషి జాగ్రత్త పెరిగేకొద్దీ పాపం పెరిగే ఇలాంటి కేసును నేను సండే స్కూల్లో గానీ, యూనివర్సిటీలో గానీ వినలేదు. నాకు పిచ్చెక్కుతోంది. మిషనులోనే ఏదైనా మురికి ఉందేమోనని ఏమీ కలపని ఒట్టి ద్రావకాన్ని పంపి చూశాను. తెర నున్నగా ఉంది. పక్క ఊరి రైతు కాయలు పంపి చూశాను. నున్నగా ఉంది. మళ్లీ మామ కాయలు. గీత! "మిషను అబద్ధం చెప్పదమ్మా" అన్నారు సారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు పళ్లు పులుస్తాయి. మిషను అబద్ధం చెప్పదు, నిజమే. మనం అడిగినదానికే జవాబు చెప్తుంది. మనం అడిగింది "నూట తొంభై రెండు ఉందా?" అని. ఎవరా నూట తొంభై రెండు అని మేం అడగలేదు, అది చెప్పలేదు.

సరే, మామే దాస్తున్నాడని నాకు గట్టిగా అనిపించింది. ఆయన ఆత్మ గురించి బెంగ కూడా పట్టుకుంది. బయట బల్ల మీద కూర్చోబెట్టి, "మామా, దాచిపెట్టినంత కాలం బరువే. ఒప్పుకున్నవాడికి క్షమాపణ ఉంది" అని మొదలుపెట్టి, చిన్నపిల్లలకు చెప్పే గొంతుతో చక్కటి ప్రసంగం చేశాను. మామ తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "ఒప్పుకుంటా పాపా" అన్నాడు.

నా గుండె పొంగింది.

"చిన్నప్పుడు మా పెదనాయిన మందలోంచి ఒక పొట్టేలు పిల్లను మా మందలోకి తోలుకొన్న్యా. చెవి మీద గుర్తు గూడా మార్చినా. ఇంతవరకు యారికీ చెప్పలే."

"అది కాదు మామా! మందు సంగతి!"

"మందు కొట్టలే గదమ్మా, ఏమని ఒప్పుకోమంటావు? చెయ్యందాన్ని చేసినా అంటే అదింగో పాపం గాదా? నీకు పొట్టేలు చాలదా?"

లోపలినుంచి సారు, "ఏమంటున్నారమ్మా ఆయన?" అని అడిగారు.

"పొట్టేలు దొంగతనం ఒప్పుకున్నారు సార్."

"రిపోర్టులో దానికి చోటు లేదమ్మా" అన్నారు సారు.

మామ లేచి మెట్లు దిగుతూ, "శనివారం దాకా సూస్తానన్న్యాడు ఆ వ్యాపారి. అప్పటికీ కాకుంటే లారీ అనంతపురం పోతాదంట" అని మాత్రం అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. మెల్లగా అన్నాడు.

ఆ వారమే మా ఊళ్లో సువార్త కూటాలు. ఆరుబయట షామియానా, దాని చుట్టూ జమ్మలమడుగులోని దోమలన్నీ. పాట మొదలుకాకముందే మా అమ్మ సంచిలోంచి ఒక ట్యూబు తీసి, "చెయ్యి సాపు మ్మే. పీక్క తింటాండాయి" అంటూ నా రెండు చేతులకూ పూసింది. ప్రసంగీకులు ఆ రోజు బైబిల్లో గొర్రెబొచ్చును కళ్లంలో పరిచి దేవుణ్ణి గుర్తు అడిగిన ఆ న్యాయాధిపతి గురించి చెప్తున్నారు. మొదటి రాత్రి బొచ్చు మాత్రమే తడవాలి, నేల పొడిగా ఉండాలి అన్నాడు. అలాగే జరిగింది. అయినా చాలలేదు. రెండో రాత్రి బొచ్చు పొడిగా ఉండాలి, నేల తడవాలి అని తిప్పి అడిగాడు. ప్రసంగీకులు దాన్ని విశ్వాసలోపం అంటున్నారు. నాకు మాత్రం వెన్ను నిటారైంది. విశ్వాసం సంగతి నాకు తెలియదు గానీ, ఆయన మంచి కెమిస్టు! మేం కాయల్ని మూడుసార్లు అడిగాం, మూడుసార్లూ ఒకే వైపు నుంచే అడిగాం. తిప్పి అడగనే లేదు. కాయలన్నిటినీ తాకినది ఏమిటి? అనుకుంటూ చెంప కింద చెయ్యి పెట్టుకున్నాను. గప్పున వాసన కొట్టింది. తియ్యగా, పూలలా, కాస్త మందులా. నాకు తెలిసిన వాసన. మామ తువ్వాలు విప్పిన ప్రతిసారీ అరటికాయల మీదినుంచి వచ్చిన వాసన. అరటితోటలో దోమలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. కాపలాకని తోటలోనే పడుకుంటున్నాడు కదా ఈ మనిషి!

"ఆమెన్ అను మ్మే" అని అమ్మ మోచేత్తో పొడిచింది.

"దోమల క్రీము!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. ముందు రెండు వరుసలూ వెనక్కి తిరిగాయి.

మరునాడు పొద్దున చేతులు సబ్బుతో, సున్నిపిండితో, మళ్లీ సబ్బుతో తోముకుని ల్యాబుకు పోయాను. సారు విన్నారు. "దోమల క్రీములో కార్బెండజిమ్ ఎందుకుంటుందమ్మా?" అన్నారు. "ఉండదు సార్. మరేముందో చూద్దాం" అని, ఆయన వద్దనేలోపు శుభ్రమైన కవర్లు, గాజు సీసాలు సంచిలో వేసుకుని ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సెక్కాను.

తోటలో నేను పెట్టిన మొదటి రూలు, మామ ఏదీ ముట్టుకోకూడదు. "చేతులు వెనక్కి కట్టుకో మామా." కట్టుకున్నాడు. నేను కొత్త గ్లౌజులు తొడుక్కుని (సారుకు తెలియకుండా పెట్టె విప్పి తెచ్చినవి) ఎవరూ తాకని గెల నుంచి కాయలు కోస్తుంటే, మామ పక్కనే నడుస్తూ విలవిల్లాడిపోయాడు. "అది వద్దు పాపా... ఇది నున్నగుండాది... రవ్వంత తడమనీ, అంతే..." వేళ్లు వెనకాలే గాలిని తడుముతున్నాయి. గట్టు మీద కూర్చున్న అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ముప్పయ్యేండ్లాయ పెండ్లయి. ఆ కాయల్ని నిమిరినట్ల ఒక్క దినం నా తల నిమిరి, ఏమ్మే బాగుండావా అని అడిగిన పాపాన పోలే" అంది. "నిన్ను గల్ఫుకు పంపేదుంటే తడిమి సూస్తాండె" అన్నాడు మామ. తర్వాత ఆయన కుడిచెయ్యి చాపమని, స్పిరిటులో తడిపిన దూదితో అరచేతినంతా తుడిచి, ఆ దూదిని సీసాలో వేసి, పైన "మామ, కుడిచెయ్యి" అని రాశాను. మామ చెయ్యి నా గొర్రెబొచ్చు, ముట్టని కాయలు నా నేల.

ముట్టని కాయల్లో ఏమీ లేదు. తెర ఎండాకాలపు ఏరులా చదునుగా ఉంది. మామ చెయ్యి ఎక్కించాను. నూట తొంభై రెండు దగ్గర గీత లేచి, తెర దాటి ఎటు పోయిందో తెలియలేదు. నేను సంతోషంతో సారు వైపు తిరిగాను. సారు బల్ల గుద్ది, "చూశారా! చేత్తోనే కలిపి కొట్టాడు మందు!" అన్నారు.

ఆ క్షణంలో నేను అనుకున్న మాటలకు తర్వాత మోకాళ్లూని క్షమాపణ అడిగాను. మా అమ్మ సంచిలోంచి తెచ్చిన ట్యూబు తీసి, చిటికెడు క్రీమును ద్రావకంలో కరిగించి ఎక్కించాను. ఏ మామా ముట్టని, ఏ తోటా చూడని ఆ క్రీము నూట తొంభై రెండు దగ్గరికే వచ్చి నిలబడింది. సారు ట్యూబును కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెనక ఉన్న సన్నక్షరాలు చదివారు. డీట్ అని ఉంది, దోమల్ని తరిమే పదార్థం. కాగితం తీసి ఫార్ములా రాసి బరువు కట్టారు. కార్బెండజిమ్‌కు కట్టారు. కార్బెండజిమ్ నూట తొంభై రెండు చుక్క సున్నా ఏడు. డీట్ నూట తొంభై రెండు చుక్క ఒకటి మూడు. మా వేబ్రిడ్జి మీద రెండూ ఒకే లారీ.

"అయ్య బాబోయ్" అన్నారు సారు. చాలాసేపు అదే అన్నారు.

అయినా మాకు అర్థమైనంత మాత్రాన రిపోర్టు రాయలేం కదా. మూడోసారి మామ తెచ్చిన కాయల్లో కొంత ఫ్రిజ్‌లో మిగిలి ఉంది. దాన్ని, ముట్టని కాయల్ని పెట్టెలో పెట్టి, అప్పటికే పక్క రాష్ట్రమైపోయిన హైదరాబాదులో బంగారు కాటాలాంటి మిషను ఉన్న పెద్ద ల్యాబుకు బస్సు పార్శిల్లో పంపాం. శనివారం మధ్యాహ్నం దాకా జవాబు లేదు. మామ మా బయటి బల్ల మీద కూర్చుని, ఇక్కడ కూడా ఏదీ ముట్టుకోకూడదని ఎవరు చెప్పారో ఏమో, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఉన్నాడు. వ్యాపారి ఫోన్ చేస్తున్నాడు. నేను ప్రార్థన చేస్తున్నాను, సారు నెట్ సిగ్నల్ చూస్తున్నారు. చివరికి జవాబు వచ్చింది. కార్బెండజిమ్ చోటు ఖాళీ. పక్కన కాస్త ఎడంగా డీట్ ఒక్కటే. ప్యాకింగులో కాయల్ని పటిక నీళ్లలో కడిగేస్తారు కాబట్టి అదీ పోతుంది. సారు స్వయంగా సంతకం పెట్టి, "ఏమండీ, ఇకనుంచి దోమతెర కట్టుకోండి" అన్నారు.

"దోమలకు పూసుకోమని డాక్టరే చెప్పె సార్. కాయలకు తగుల్తాదని మీ మిషను చెప్పె. ఇద్దరూ ముందే ఒక మాట అనుకోని ఉంటే బాగుండు గదా" అన్నాడు మామ.

లారీ వచ్చింది. ఆలస్యానికి కొన్ని గెలలు అప్పటికే రంగు తిరిగాయి. అవి సగం గొర్రెలకు, సగం మా చర్చి కోతపండుగకు వచ్చాయి. గొర్రెలూ, మా సంఘమూ తృప్తిగా తిన్నాయి. సారు కొత్త గొట్టం తెప్పించారు. గ్లౌజులు మాత్రం ఇంకో ఏడాది ఆరేశాం.

ఇప్పుడు నేను పనిచేసే చోట బంగారు కాటాలాంటి మిషనే ఉంది. తెర మీద చుక్క సున్నా ఏడు దగ్గర ఒక గీత, చుక్క ఒకటి మూడు దగ్గర ఇంకో గీత, మధ్యలో ఒక మనిషి నడిచి పోయేంత దారి. కొత్తగా చేరిన అమ్మాయిలకు మొదటిది కార్బెండజిమ్ అని, రెండోది మామ అని చెప్తాను. ఒక్క గీత చూసి ఒక పెద్దమనిషికి పశ్చాత్తాప ప్రసంగం చేసిన ఆనాటి నాలోని అమ్మాయి అప్పుడప్పుడు ఆ రెండు గీతల మధ్య నిలబడి నా వైపు చూస్తుంది. కోప్పడబుద్ధి కాదు. అంత గట్టి నమ్మకంతో బస్సెక్కిన రోజులు నాకు మళ్లీ రాలేదు.

పోయిన వారం మామ ఫోన్ చేశాడు. కళ్లలో పొరలు వచ్చాయట, ఆపరేషన్ చెయ్యాలట. "పాపా, అప్పుడు నీ మిషనుకు రెండు ఒకటిగా కనపడె. ఇప్పుడు నాకు ఒకటి రెండుగా కనపడతాండాది. మీ అత్త ఇద్దరైపాయ, ఇద్దరూ తిడతాండారు. మీ దేవునికి ఒక మాట చెప్పమ్మా" అన్నాడు.

నేను చెప్తున్నాను. మీరు కూడా ఈ ఆదివారం మోకరించినప్పుడు నాతోపాటు ఒక్క మాట కలపండి. ప్రభువా, పులివెందుల దగ్గర ఒక తోటలో ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన కళ్లకు చూపు తిరిగివ్వు. ఆయన చేతులను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచు. ఆమెన్.